వారాంతపు ప్రయాణంలో విశ్రాంతి ఎవరికి?

శుక్రవారం సాయంత్రం అమీర్‌పేట, పంజాగుట్ట అపార్టుమెంట్లలో ఈమధ్య తరచుగా కనిపించే దృశ్యం ఒకటుంది. లిఫ్టు దగ్గర రెండు సూట్‌కేసులు, ఒక నీళ్ల క్యాను, డైపర్ల సంచి, అమ్మ భుజం మీద నిద్రపోతున్న బిడ్డ. హాస్టల్ నాటి స్నేహితులు మూడు నాలుగు కుటుంబాలుగా కలిసి అనంతగిరికో, నాగార్జున సాగర్‌కో, ఊరి బయట ఏదో ఫామ్‌హౌస్‌కో బయలుదేరుతున్నారు. ఆదివారం రాత్రి అవే సంచులు మళ్లీ అదే లిఫ్టు ఎక్కుతాయి. సోమవారం ఆ ఇంట్లో వాళ్లను "ట్రిప్పు ఎలా జరిగింది?" అని అడగండి. భర్త "సూపర్ అయ్యగారూ" అంటాడు. భార్య "బాగానే జరిగిందండీ" అంటుంది. ఆ రెండు జవాబులకు మధ్య ఉన్న తేడా గురించే ఈ వారం ఆలోచిద్దాం.

ఇలాంటి ప్రయాణాలు వద్దని చెప్పడానికి ఇది రాయడం లేదు. పాత స్నేహాన్ని విడిచిపెట్టవద్దని సామెతల గ్రంథం 27వ అధ్యాయం మనకు చెబుతూనే ఉంది. దూరంగా ఉన్న సహోదరుడి కంటే దగ్గరగా ఉన్న పొరుగువాడు మేలన్న మాట కూడా అక్కడే ఉంది. నగరంలో ఒంటరిగా పిల్లల్ని పెంచుతున్న యువ దంపతులకు ఆ మాట విలువ బాగా తెలుసు. అయితే మనం తెచ్చుకునే సెలవు ఇంట్లో ఒకరికి విశ్రాంతిగా, మరొకరికి రెట్టింపు పనిగా మారుతున్నదా అని మాత్రం అడిగి చూసుకోవాలి.

స్నేహితులే బంధువులైన చోట

1990ల చివర్లో వై2కె పనుల కోసం ప్రోగ్రామర్లకు గిరాకీ పెరిగిన రోజుల నుంచి అమీర్‌పేటకు సాఫ్ట్‌వేర్ కోచింగ్ పేరు వచ్చింది. మైత్రీవనం చుట్టూ ఉన్న సందుల్లో జావా, ఒరాకిల్, టెస్టింగ్ బోర్డులు. ఆ వెనుక ఎస్.ఆర్. నగర్, బల్కంపేట, మధురానగర్ హాస్టళ్లు. ఖమ్మం, గుంటూరు, కరీంనగర్, కర్నూలు నుంచి వచ్చిన పిల్లలు ఒక్కో గదిలో నలుగురైదుగురు ఉండి, అన్నం వండుకొని, కర్రీ పాయింటు నుంచి రెండు కూరలు తెచ్చుకొని పంచుకున్నారు. ముందు ఉద్యోగం వచ్చినవాడు రానివాడి అద్దె కట్టాడు. పంజాగుట్ట వైపు నిమ్స్ లాంటి ఆసుపత్రుల చుట్టూ ఇలాంటి స్నేహాలే నర్సింగ్ చదివిన అమ్మాయిల మధ్య పెరిగాయి. రాత్రి డ్యూటీ నుంచి వచ్చిన చెల్లెలి కోసం టిఫిన్ దాచిపెట్టిన అక్కలు మన సంఘాల్లో ఎంతోమంది ఉన్నారు.

ఇప్పుడు వాళ్లకు పెళ్లిళ్లయ్యాయి, పిల్లలు పుట్టారు. ఒకరు కొండాపూర్‌లో, ఒకరు ఎల్.బి. నగర్‌లో, ఒకరు డల్లాస్‌లో. అమ్మమ్మ, నాయనమ్మ ఊళ్లో ఉంటారు. ఇద్దరూ ఉద్యోగానికి వెళితే బిడ్డ డే కేర్‌లో ఉంటుంది. మేనమామ, పిన్ని అని పిలిచేందుకు ఎవరూ దగ్గర లేని ఆ బిడ్డ, నాన్న హాస్టల్ మిత్రుణ్ణి "మామా" అని పిలిచి అతని మెడ మీద ఎక్కి కూర్చుంటుంది. కాబట్టి పాత స్నేహితులతో గడిపే రెండు రోజులు కాలక్షేపం మాత్రమే కాదు. బంధువులు లేని చోట ఆ పిల్లలకు బంధువులను సంపాదించి పెట్టే రోజులు అవి. అంత విలువైనవి కనుకనే వాటిని జాగ్రత్తగా ఏర్పాటు చేసుకోవాలి.

వారపు సెలవు ఎవరి కోసం వచ్చింది?

నిర్గమకాండము 20వ అధ్యాయంలోని నాలుగవ ఆజ్ఞను మనం విశ్రాంతి దినం గురించిన ఆజ్ఞ అని చదువుకొని ముందుకు వెళ్లిపోతాం. అందులో ఉన్న జాబితా దగ్గర ఆగము. ఆ రోజున పని చేయకూడనివారు ఎవరెవరో అక్కడ వరుసగా ఉంది: నీవు, నీ కొడుకు, నీ కూతురు, నీ దాసుడు, నీ దాసి, నీ పశువు, నీ ఊరిలో ఉన్న పరదేశి. ద్వితీయోపదేశకాండము 5:14 దానికి కారణం కూడా చెబుతుంది. నీకు దొరికినట్టే నీ దాసదాసీలకూ విశ్రాంతి దొరకాలి. ఇంటి యజమాని తనకు కావలసినప్పుడు ఎలాగైనా విశ్రాంతి తీసుకోగలడు. తీసుకోలేని వాళ్ల కోసమే ఆ ఆజ్ఞ అంత వివరంగా మాట్లాడుతుంది.

మన దేశంలో వారపు సెలవు చరిత్ర కూడా ఇదే చెబుతుంది. పందొమ్మిదవ శతాబ్దంలో బొంబాయి నూలు మిల్లుల కార్మికులు వారం పొడుగునా పని చేసేవారు. జోతిరావు ఫూలే అనుచరుడైన నారాయణ్ మేఘాజీ లోఖండే ఏళ్ల తరబడి వారి పక్షాన పోరాడాక, 1890 జూన్‌లో మిల్లు యజమానులు ఆదివారం సెలవుకు ఒప్పుకున్నారు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం వారానికి ఒక రోజు సెలవును నియమంగా చేసింది. 1985లో కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలకు ఐదు రోజుల వారం వచ్చింది. ఇప్పటికీ అది అందరికీ అందలేదు. అమీర్‌పేట బట్టల షాపుల్లో నిలబడి చీరలు మడత పెట్టే అమ్మాయికి ఆదివారమే అన్నిటికంటే బరువైన రోజు. పంజాగుట్ట ఆసుపత్రి నర్సుకు సెలవు ఎప్పుడన్నది డ్యూటీ చార్టు చెబుతుంది. మిత్రబృందంలో అలాంటివారు ఒక్కరు ఉన్నా తేదీ వారిని అడిగి పెట్టాలి. అందరికీ కుదిరిందని గ్రూపులో రాసి, చివర్లో "నువ్వు కూడా రావాలి" అనడం వారిని పిలిచినట్టు కాదు.

ఆ పాత జాబితాను చేతిలో పెట్టుకొని ఒక వారాంతపు ప్రయాణాన్ని చూద్దాం.

ఇంటి ఇల్లాలు

జాబితాలో భార్య పేరు విడిగా లేదు. ఆజ్ఞలోని "నీవు" అన్న మాటలోనే ఆమె కూడా ఉన్నదని చాలామంది వ్యాఖ్యాతలు చెబుతారు. అంటే విశ్రాంతి విషయంలో ఆమె భర్తతో సమానంగా మొదటి స్థానంలోనే ఉంది. మన ప్రయాణాల్లో మాత్రం ఆమె ఎక్కడ ఉంటుందో చూడండి.

ఐదేళ్ల లోపు బిడ్డతో బయటికి వెళ్లాలంటే రెండు రోజుల ముందే పని మొదలవుతుంది. బట్టలు, పాలపొడి, జ్వరం మందు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, దోమతెర, రాత్రి ఆ బొమ్మ లేకపోతే నిద్రపోని బిడ్డకు ఆ బొమ్మ. అక్కడికి వెళ్లాక పురుషులు కుర్చీలు వేసుకొని హాస్టల్ కబుర్లలో పడతారు. స్త్రీలు అలవాటు లేని వంటగదిలో పాలు కాచి, అన్నం కలిపి, పిల్లల వెనుక పరుగెత్తుతారు. ఇంటికి వచ్చాక రెండు బకెట్ల బట్టలు ఎదురుచూస్తుంటాయి. పని జరిగే చోటు మారింది, పని మారలేదు. పైగా సొంత ఇంట్లో ఉండే వసతి కూడా అక్కడ లేదు.

దీనికి మందు "నేను హెల్ప్ చేస్తాలే" అనడం కాదు. సాయం చేస్తానన్నవాడికి పని ఎదుటివారిదే అని అర్థం. బయలుదేరక ముందే పనులు పంచుకోవాలి, పేర్లతో సహా. శనివారం ఉదయం ఆరు నుంచి తొమ్మిది వరకు పిల్లలందరి బాధ్యత ఫలానా ఇద్దరు నాన్నలది. వారు పాలు పట్టించి, ముఖాలు కడిగి, టిఫిన్ పెడతారు. తల్లులు తొమ్మిది వరకు నిద్రపోవచ్చు. మధ్యాహ్నం భోజనం బయట నుంచి తెప్పించాలి. సాయంత్రం "వదినా, మీరు కూర్చోండి, చాయ్ మేం పెడతాం" అన్న మాట ఏదో ఒకసారి సరదాగా కాకుండా ప్రతిరోజూ నిజం కావాలి. తిరిగి వచ్చాక బట్టలు ఎవరు ఉతకాలో కూడా ఆ పంపకంలో భాగమే.

ఇంకొక మాట. మనం ఎప్పుడూ ఎవరి స్నేహితులతో వెళుతున్నాం? చాలా ఇళ్లలో భర్త స్నేహితులే కుటుంబ స్నేహితులు. పెళ్లయ్యాక భార్య స్నేహితురాళ్లు ఫోనులో పుట్టినరోజు శుభాకాంక్షలుగా మిగిలిపోతారు. ఈసారి ఆయన హాస్టల్ మిత్రులైతే, వచ్చేసారి ఆమె నర్సింగ్ స్నేహితురాళ్లు. ఆ నియమం ఒక్కటి పెట్టుకున్నా కొన్ని ఇళ్లలో చాలా మార్పు వస్తుంది.

మద్యం సంగతి కూడా దాచకుండా మాట్లాడుకోవాలి. ఫామ్‌హౌస్ అనగానే కొందరు భార్యల ముఖం ఎందుకు వాడిపోతుందో భర్తలకు తెలుసు. పిల్లలు నిద్రపోయాక మొదలైనది పిల్లలు లేచేవరకు సాగితే, మరుసటి రోజు కారు నడిపేది ఆ చేతులే. బృందంలో ఒక్కరైనా "పిల్లలతో వెళ్లే ప్రయాణంలో అది వద్దు" అని ముందే తేల్చి చెబితే, చెప్పలేక ఊరుకున్న మరో ముగ్గురు ఊపిరి పీల్చుకుంటారు.

కొడుకు, కూతురు

ఆదికాండము 33వ అధ్యాయంలో యాకోబు చాలా ఏళ్ల తర్వాత అన్న ఏశావును కలుసుకుంటాడు. కౌగిలింతలు, కన్నీళ్లు అయ్యాక ఏశావు కలిసి ప్రయాణం చేద్దామంటాడు. పిల్లలు పసివాళ్లని, వాళ్ల నడకను బట్టి తాను మెల్లగా వస్తానని యాకోబు జవాబిస్తాడు. అన్న వెంట వెళ్లడానికి ఇష్టం లేక అతడు చెప్పిన సాకు అది అనేవారు ఉన్నారు, ఎందుకంటే ఆ తర్వాత అతడు సుక్కోతు దారి పట్టాడు. అతని మనసులో ఏమున్నా, చెప్పిన మాట మాత్రం పిల్లలున్న ప్రతి తండ్రీ గుర్తుంచుకోదగినది. పిల్లలు ఎంత వేగంగా వెళ్లగలరో ప్రయాణం అంతే వేగంగా సాగాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల ప్రకారం ఒకటి రెండేళ్ల పిల్లలకు పగటి నిద్రతో కలిపి రోజుకు 11 నుంచి 14 గంటలు, మూడు నాలుగేళ్ల పిల్లలకు 10 నుంచి 13 గంటలు నిద్ర కావాలి. క్యాంప్‌ఫైర్ దగ్గర పదకొండింటి వరకు మెలకువగా ఉంచిన బిడ్డ మరునాడు అన్నిటికీ ఏడిస్తే అది మొండితనం కాదు, నిద్రలేమి. మధ్యాహ్నం రెండు గంటలు ఎవరూ ఎక్కడికీ వెళ్లకూడదని నియమం పెట్టుకుంటే పిల్లలతో పాటు పెద్దలు కూడా కాస్త కన్ను మూస్తారు.

దూరం కూడా అలాగే లెక్క వేయాలి. నాగార్జున సాగర్ నగరానికి సుమారు 150 కిలోమీటర్లు. దారిలో ఆగుతూ వెళితే పోను రాను ఏడెనిమిది గంటలు కారులోనే గడుస్తాయి. ఒక్క రాత్రి కోసం రెండేళ్ల బిడ్డకు అది చాలా ఎక్కువ. వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండలు అందులో దాదాపు సగం దూరమే. మూసీ నది పుట్టేది అక్కడే. అమీర్‌పేట పక్కనే ఉన్న బేగంపేట స్టేషన్‌లో రైలెక్కి కూడా వికారాబాద్ వెళ్లవచ్చు. రైల్లో బిడ్డ నాలుగడుగులు నడవగలడు, కారులో కదలలేడు. మరీ చిన్న పిల్లలుంటే ఊరు దాటనవసరమే లేదు. 1963లో ప్రారంభమైన జూపార్కు, హుస్సేన్ సాగర్ ఒడ్డున సంజీవయ్య పార్కు ఉన్నాయి. పొద్దున వెళ్లి, చెట్టు కింద చాప వేసుకొని, మధ్యాహ్నానికి ఇంటికి చేరినా స్నేహానికి లోటేమీ రాదు.

కారులో వెళితే బిడ్డను ముందు సీట్లో ఒడిలో కూర్చోబెట్టుకోకండి. బ్రేకు గట్టిగా పడితే తల్లి చేతులు ఆపలేవు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు సీటు బెల్టో, పిల్లల సీటో తప్పనిసరి చేసింది. పెట్టకపోతే వెయ్యి రూపాయల జరిమానా.

అందరూ ఉన్నచోట ఎవరూ చూడకపోవడం

లూకా సువార్త 2వ అధ్యాయంలో యోసేపు, మరియ పండుగ ముగించుకొని యెరూషలేము నుంచి తిరిగి వస్తున్నారు. పన్నెండేళ్ల యేసు వెంట లేడు. బంధువులు, పరిచయస్తుల గుంపులో ఎక్కడో ఉంటాడనుకొని వారు ఒక రోజు ప్రయాణం చేశారు. వారు అజాగ్రత్త గల తల్లిదండ్రులు కారు. గుంపుగా ప్రయాణం చేసేవారందరికీ ఉండే ప్రమాదమే వారికీ వచ్చింది. పెద్దలు ఎక్కువమంది ఉన్నప్పుడు, ఎవరో ఒకరు చూస్తున్నారులే అని ప్రతి ఒక్కరూ అనుకుంటారు.

నీళ్ల దగ్గర ఈ అనుకోవడం ప్రాణాంతకం. ప్రపంచవ్యాప్తంగా ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లల మరణాలకు నీట మునగడం నాలుగో ప్రధాన కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 నివేదికలో చెప్పింది. సినిమాల్లో చూపించినట్టు మునిగే బిడ్డ చేతులు ఊపి అరవదు. నిశ్శబ్దంగా మునిగిపోతుంది. బకెట్టెడు నీళ్లు కూడా చాలు. ఇది పసిపిల్లలకే వచ్చే ప్రమాదం కూడా కాదు. 2025 జనవరిలో హైదరాబాద్ నుంచి వెళ్లిన మిత్రబృందంలో ఐదుగురు యువకులు సిద్దిపేట జిల్లా కొండపోచమ్మ సాగర్ జలాశయంలో మునిగి చనిపోయారు. రిజర్వాయరు ఒడ్డు మెట్లలా కనిపించినా లోతు ఒక్కసారిగా పెరుగుతుంది.

కాబట్టి రిసార్టు కొలను దగ్గరైనా, చెరువు గట్టున అయినా ఒక పద్ధతి పాటించండి. పావుగంటకు ఒకరు చొప్పున పేరుపేరునా కాపలా ఉండాలి. ఆ పావుగంట ఆ మనిషి చేతిలో ఫోను, నోట కబుర్లు ఉండకూడదు. సమయం అయ్యాక తర్వాతి వ్యక్తికి "ఇప్పుడు నువ్వు చూస్తున్నావు" అని నోటితో చెప్పి, అతడు "సరే" అన్నాకే లేవాలి. మునగడానికి అవకాశమున్న ఏ చోటికైనా రాత్రిపూట తలుపు గడియ పెట్టి ఉండాలి. ఇది పిచ్చి భయం కాదు, ప్రేమతో కూడిన జాగ్రత్త.

పని చేసేవారు, పరదేశి

కొన్ని కుటుంబాలు డ్రైవరును, ఆయాను వెంట తీసుకువెళతాయి. డ్రైవరు రాత్రి ఎక్కడ పడుకుంటున్నాడు? కారులోనా? మరునాడు మీ పిల్లల ప్రాణాలు అతని నిద్ర మీద ఆధారపడి ఉన్నాయి. ఆయా కూడా ఒక తల్లి కావచ్చు. తన బిడ్డను పొరుగింట్లో వదిలి మీ బిడ్డ కోసం వచ్చి ఉండవచ్చు. ఆమెకు అదనపు కూలి, వేరే పడక, మీతో పాటే భోజనం, తిరిగి వచ్చాక ఒక రోజు సెలవు ఇవ్వగలిగితేనే తీసుకువెళ్లండి.

పరదేశి ఎవరు? చాలాసార్లు ఆ బృందంలోకి పెళ్లితో వచ్చిన భార్య లేదా భర్త. మిగతావారికి పదిహేనేళ్ల జ్ఞాపకాలున్నాయి, ఆమెకు లేవు. ఎవరూ వివరించని జోకులకు రెండు రోజులు నవ్వుతూ కూర్చోవడం ఎంత కష్టమో ఆమెను అడగండి. పాత కథ చెప్పేటప్పుడు ఆమెకు అర్థమయ్యేలా మొదటి నుంచి చెప్పండి, ఆమె హాస్టల్ కథ కూడా అడగండి. ఇంకా పెళ్లి కాని తమ్ముడు, భర్తను పోగొట్టుకున్న అక్క, పిల్లల కోసం ఏళ్లుగా ప్రార్థిస్తున్న జంట కూడా ఆ గుంపులో పరదేశులే. "పిల్లలున్న వాళ్ల ట్రిప్పు కదా, వాళ్లకు బోరు కొడుతుంది" అని మనమే నిర్ణయించి వదిలేస్తాం. పిలిచి, రావడమా మానడమా అన్నది వారికే వదిలిపెట్టడం మంచిది.

డబ్బు కూడా మనిషిని పరదేశిని చేస్తుంది. ఒకే గదిలో కూర పంచుకున్నవారిలో ఇప్పుడు ఒకరికి పెద్ద కంపెనీ జీతం ఉంది, ఒకరు ప్రైవేటు స్కూల్లో టీచరు, ఒకరికి ఉద్యోగం పోయి మూడు నెలలైంది. ఖరీదైన రిసార్టు బుక్ చేసి, తర్వాత ఖర్చు సమానంగా పంచితే ఆ మూడోవాడు వచ్చేసారి ఏదో పని ఉందంటాడు. ముందే మొత్తం ఎంతవుతుందో చెప్పి, బృందంలో తక్కువ స్తోమత గలవాడు సిగ్గుపడకుండా ఇవ్వగలిగిన చోటే ఎంచుకోండి. హాస్టల్ గదిలో మీరు చేసింది అదే కదా.

ఆదివారం సంగతి

మా దగ్గరికి తరచుగా వచ్చే ప్రశ్న ఇది: "అయ్యగారూ, ఆదివారం ఆరాధన మానితే తప్పా?" ఏడాదికి ఒకటి రెండుసార్లు ఊరికి దూరంగా ఉన్నందుకు ఎవరూ విశ్వాసం కోల్పోరు. నెలకు మూడు ఆదివారాలు అలా గడిస్తే మాత్రం పిల్లలకు ఆదివారం అంటే ఏమిటో ఆ అలవాటే నేర్పేస్తుంది. మధ్యేమార్గాలు చాలానే ఉన్నాయి. శనివారం తెల్లవారుజామున వెళ్లి రాత్రికి తిరిగి రావచ్చు. లేదా వెళ్లిన ఊళ్లోని సంఘంతో కలిసి ఆరాధించవచ్చు.

అందుకు మెదక్ మంచి ఉదాహరణ. నగరానికి సుమారు 100 కిలోమీటర్లు, 2022 నుంచి రైలు కూడా ఉంది. అక్కడి మహాదేవాలయాన్ని మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ కట్టించారు. కరువు కాలంలో ఆకలితో ఉన్న జనానికి పని, అన్నం దొరకాలన్నది ఆ నిర్మాణం వెనుక ఉన్న తలంపు. 1924 డిసెంబరు 25న దానిని ప్రతిష్ఠించారు. యేసు జననం, సిలువ, ఆరోహణం చూపే రంగుటద్దాల కిటికీలు పగటి వెలుగులోనే కనిపిస్తాయి. పిల్లల్ని ఎత్తుకొని ఆ రంగులు చూపించి, ఆకలిగొన్నవారి చేతులతో ఈ గుడి ఎలా లేచిందో చెప్పండి. అక్కడి సంఘంతో కలిసి పాడండి. ఆ ఆదివారం పిల్లలకు చాలాకాలం గుర్తుంటుంది.

బయలుదేరే ముందు రాత్రి, సంచులు సర్దాక, భార్యాభర్తలు ఒక కాగితం తీసుకొని వెంట వచ్చేవారందరి పేర్లు రాయండి. పసిబిడ్డ పేరు, డ్రైవరు పేరు, కొత్తగా బృందంలోకి వచ్చిన వదినగారి పేరు, మీ ఇద్దరి పేర్లు. ఒక్కొక్క పేరు ఎదుట ఈ రెండు రోజుల్లో ఆ మనిషికి విశ్రాంతి ఎప్పుడు దొరుకుతుందో రాయండి. ఏ పేరు ఎదుటనైనా ఖాళీ మిగిలితే అక్కడ మీ పనుల పంపకం మార్చుకోండి, అవసరమైతే చోటు మార్చుకోండి, తేదీ మార్చుకోండి. నీకు దొరికినట్టే వారికీ దొరకాలన్నది ఆజ్ఞ. ప్రభువు మీ ప్రయాణాన్ని, మీ స్నేహాలను, మీ పిల్లలను కాపాడును గాక.